మూడు గిన్నెల ఉప్పు

"ఏదీ, ఇలా తే. ఉప్పు చూస్తాను."

ఆదివారం చర్చి నుంచి వచ్చి, ప్యాంటు విప్పి లుంగీ కట్టుకుని, హాల్లో ఫ్యాను కింద కుర్చీలో చేరబడ్డాక ఏసుదాసు అనే మొదటి మాట ఇది. అప్పటికి వంటింట్లో ఝాన్సీ చర్చికి కట్టుకెళ్ళిన చీర మీదే పాత తువ్వాలు చుట్టుకుని, పొయ్యి దగ్గర చెమటలు కక్కుతూ ఉంటుంది. ఒక ముక్కా కాస్త గుజ్జూ గరిటెలోకి తీసుకుని, కింద కారకుండా ఎడమచెయ్యి అడ్డం పెట్టుకుని హాల్లోకి వెళుతుంది. అతను అరచెయ్యి చాపుతాడు. ఆమె ఊది ఊది చల్లార్చి అందులో వేస్తుంది. అతను నోట్లో వేసుకుని, చప్పరించి, ఫ్యాను వైపు చూస్తూ ఆలోచిస్తాడు. ఆ ఆలోచన అయ్యేదాకా ఆమె గరిటె పట్టుకుని నిలబడాలి. ఆఖర్న "చిటికెడు పడాలి" అంటాడు. ఆమె వెళ్ళి చిటికెడు వేస్తుంది. ఈ పదిహేనేళ్ళలో ఆ మాట అనకుండా దింపెయ్యమన్న ఆదివారం ఒక్కటైనా ఉందా అని ఈమధ్య ఝాన్సీకి ఊరికే తెలుసుకోవాలనిపిస్తోంది. ఎంత వెతుక్కున్నా ఒక్కటీ గుర్తురావడం లేదు.

చూడబోతే ఆమె ఉద్యోగమే కొలవడం. అమలాపురంలో ఒక ప్రైవేటు ల్యాబులో టెక్నీషియను. వచ్చినవాళ్ళ రక్తంలో చక్కెర ఎంతుందో, కొవ్వు ఎంతుందో, ఉప్పు ఎంతుందో ఆమే చెప్పాలి. మొన్న ఐ.పోలవరం నుంచి ఒక పెద్దాయన్ని మాట తడబడుతోందని ఆటోలో తీసుకొస్తే, ఒంట్లో ఉప్పు బాగా పడిపోయిందని ఝాన్సీయే ముందు కనిపెట్టి డాక్టరుకి ఫోను చేసింది. ఆయన రెండోమాట లేకుండా సెలైను పెట్టించాడు. ఆమె సంతకం ఉన్న కాగితాన్ని ఎవరూ "ఏదీ, నేనోసారి చూస్తాను" అనరు. అలాంటి మనిషికి తన మూకుట్లో ఉడికే కూరకి ఉప్పు సరిపోయిందో లేదో చెప్పే హక్కు మాత్రం లేదు. ల్యాబులో కూడా అంతా సవ్యమనుకునేరు. తనకంటే వెనక చేరిన మగపిల్లలిద్దరు కాళ్ళూపుకుంటూ కూర్చుంటే, ఓనరు కనకరాజుగారు సరిగ్గా నాలుగింటికి "ఝాన్సీగారూ, టీ మీరు పెడితేనే టీలా ఉంటదండి" అంటాడు. ఆ పొగడ్తకి ఆమె రోజూ ఏడు కప్పులు కడుగుతుంది.

ఏసుదాసు చెడ్డవాడు కాదు. హైస్కూల్లో సోషల్ మాస్టారు. తాగడు, కొట్టడు. మన దగ్గర ఈ రెండూ లేకపోతే మంచివాడి కిందే లెక్క కాబట్టి, ఆ లెక్కన చాలా మంచివాడు. ఈ ఉప్పు చూడటం కూడా అతను కావాలని మొదలుపెట్టింది కాదు. పెళ్ళయి నెల కూడా కాలేదు. ఒక ఆదివారం పాస్టరుగారిని భోజనానికి పిలిచారు. ఝాన్సీ చర్చి నుంచి పరుగున వచ్చేసరికి అత్తగారు ఎలీసమ్మ కుక్కర్లో మాంసం ఉడికించి దింపి ఉంచింది. "ఉప్పు వేసేరా అత్తయ్యగారూ?" అని అడిగింది ఝాన్సీ. "లేదమ్మా" అంది ఎలీసమ్మ. ఝాన్సీ చెంచాతో కొలిచి మరీ వేసింది. తీరా బల్ల దగ్గర పాస్టరుగారు మొదటి ముద్దకే గ్లాసుడు నీళ్ళు తాగి, బైబిల్లో ఉప్పు గురించి ఉన్న మాట ఒకటి తలుచుకుని నవ్వారు. ఏసుదాసు ముఖం మాడిపోయింది. ఆయన వెళ్ళాక, "నీకు అసలు నాలికుందా లేదా? ఇకనించి దింపే ముందు నాకు చూపించు" అన్నాడు. ఎలా ఎక్కువైందో ఆమెకి అంతుబట్టలేదు. కంగారులో తనే రెండుసార్లు వేసిందేమో అనుకుంది.

అప్పటి కోపం కొన్నాళ్ళకి హాస్యంగా మారింది. చుట్టాలొచ్చినా, స్కూలు మాస్టర్లొచ్చినా, "మా ఆవిడకి దేవుడు అన్నీ ఇచ్చేడండి, నాలికొక్కటే మర్చిపోయేడు" అంటాడు. అందరూ నవ్వుతారు. ఝాన్సీ కూడా నవ్వుతుంది. పదిసార్లు నవ్వాక ఆమె కూడా నమ్మింది. రుచి చూసుకోవడం మానేసింది. అందరూ తిన్నాక మూకుట్లో అన్నం వేసి కలుపుకుని, నిలబడే తినేసేది. ఏం తింటోందో పట్టించుకునేది కాదు, కడుపు నిండిందా లేదా అంతే. ఆదివారం మధ్యాహ్నం మాత్రం చెంబెడు నీళ్ళు తాగినా దాహం తీరేది కాదు. ఎండలు మండుతున్నాయనుకునేది. డిసెంబరులో కూడా అలాగే అనుకునేది.

ఇదిలా నడుస్తుండగా ఒక శుక్రవారం, ల్యాబులో భోజనాల వేళ, ఫోన్లో ఒక వీడియో కంటపడింది. ఎవరో తెల్లావిడ, ఝాన్సీ వయసే ఉంటుంది, పెద్ద గిన్నెలో కిలో గొడ్డుమాంసం కైమా వేయించి, అందులో ఉల్లిపాయలు, క్యాప్సికం, టమాటాలు, ఉడికిన ఎర్రటి గింజలు వేసి దగ్గరగా ఉడికించింది. దాన్ని చిల్లీ అంటారట. మాంసంలో గింజలేమిటా అని ఝాన్సీ వింతగా చూసింది. కానీ ఆమెను కట్టిపడేసింది గింజలు కాదు. ఆఖర్న ఆవిడ గరిటెతో కొంచెం తీసుకుని తన నోట్లోనే పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. తలూపింది. మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు ఇంకాస్త ఉప్పు వేసి, మళ్ళీ తన నోట్లోనే పెట్టుకుంది. ఎవరికీ చూపించలేదు. ఝాన్సీ ఆ ముక్కని వెనక్కి జరిపి మూడుసార్లు చూసింది. "ఏంటి మేడమ్, అంతలా చూస్తన్నారు?" అని కౌంటర్లో కూర్చునే గాయత్రి పెరుగన్నం కలుపుకుంటూ అడిగింది. "ఈవిడకి ఎలా తెలుస్తోందా అని" అంది ఝాన్సీ. "ఏది?" అంది గాయత్రి. ఝాన్సీ ఫోను బల్లమీద బోర్లించి కప్పులు కడగడానికి లేచింది.

శనివారం సాయంత్రం రాజ్మా గింజలు కొనుక్కొచ్చి నీళ్ళలో నానబోసింది. తొమ్మిదో తరగతి చదివే కూతురు చిన్ని ఎగిరి గంతేసి, ఎప్పుడో పిజ్జాలతో వచ్చిన మసాలా పొట్లాలు పెన్సిలు డబ్బాలోంచి తీసిచ్చింది. "ఇందులో ఇది పడాలమ్మా, పేరు ఒరెగానో" అంది. ఏసుదాసుకి మాత్రం అనుమానంగానే ఉంది.

"రేపు కైమా కొట్టించుకురండి" అంది ఝాన్సీ.

"కైమా అయితే ముక్క ఎక్కడ తగులుద్ది? అందులో గింజలా? మాంసం అంటే మాంసంలా ఉండాలి గానీ."

"ఒక్కసారి చూద్దామండి. ఎలా ఉంటుందో తెలుసుకోవాలనుంది."

తెలుసుకోవాలనుంది అని ఈ ఇంట్లో ఆమె అనడం ఇదే మొదటిసారి. ఏం కావాలి అంటే మీ ఇష్టం అనేది, ఏం తింటావు అంటే ఏదైనా పర్లేదు అనేది. ఏసుదాసు కూడా కొంచెం వింతగానే చూసి, "సరేలే. ఉప్పు ఎలాగూ నేను చూస్తాను కదా" అన్నాడు.

గింజల మాట వినబడి ఎలీసమ్మ వసారాలోంచి లేచి వచ్చింది. డెబ్భై దాటిన మనిషి. ఆమె వయసులో ఉన్నప్పుడు పొద్దున్నే ఊడ్పులకి వెళ్ళి చీకటి పడేవేళకి వచ్చేది. ఇప్పుడు బీపీ వల్ల డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడని, ఆమెకి కూర వేరే గిన్నెలో చప్పగా తీసి పెడతారు. నానుతున్న గింజల్ని వేళ్ళతో కెలికి, "మేవూ ఏసేవోళ్ళం. చిక్కుడు గింజలు" అంది.

"పెద్ద మాంసంలోనా మామ్మా?" అంది చిన్ని.

"ఆయ్. పది మందికి అరకిలో మాంసం ఎలా సరిపోద్ది? గింజలేసి పెంచేవోళ్ళం. ముక్కలు మగోళ్ళకి ఏరి ఏసేసి, గింజలు మేం తినేవోళ్ళం." ఆమె మామూలుగానే చెప్పింది. "మాంసం వాసనకి గింజలు కూడా బాగుండేవిలే."

చిన్ని గింజలవైపు చూసింది. కైమాలోంచి ముక్కలు ఎవరు ఏరగలరు అనుకుంది ఝాన్సీ. ఆ ఆలోచన ఎందుకో ఆమెకి బాగా నచ్చింది.

ఆదివారం పొద్దున్నే ఏసుదాసు నల్లకవర్లో కైమా తెచ్చి సింకులో పెట్టాడు. గింజల్ని ఝాన్సీ ముందుగా విడిగా, మెత్తగా అయ్యేదాకా ఉడికించి పెట్టుకుంది. పులుపు తగిలితే గింజ బిర్రబిగుసుకుపోతుందని ఆమెకి తెలుసు, పప్పులో చింతపండు ముందే వేసేసే ఆడది మన వైపు ఉండదు. చర్చి అయ్యాక ఏసుదాసు కమిటీ మీటింగుకి ఆగిపోయాడు. ఆడవాళ్ళు ముగ్గురూ ఇంటికొచ్చేశారు. కైమా ఎర్రగా వేగి నూనె వదిలింది. జీలకర్ర పొడి, ఇంట్లో కొట్టించిన కారం, టమాటాల గుజ్జు, చిన్ని పొట్లాలు, చివర్న గింజలు. చిన్నగా గుటగుటలాడుతూ దగ్గరపడుతుంటే ఇల్లంతా ఇంతకుముందు లేని వాసన ఒకటి వచ్చింది. ఎలీసమ్మ గడప దగ్గర పీట వేసుకుని కూర్చుంది.

ఆగి, ఝాన్సీ ఉప్పు డబ్బా వైపు చూసింది. కూరలో ఇంకా ఉప్పు వేయలేదు. ఎంత వెయ్యాలి? రోజూ చేసే కూరకైతే చెయ్యే పోతుంది, తర్వాత హాల్లో కుర్చీ చెబుతుంది. ఇది ఎలా ఉండాలో ఆ కుర్చీకి కూడా తెలియదు. ఈ ఊళ్ళో ఎవరికి తెలుసు? అత్తగారికి తెలియదు, పాస్టరుగారికి తెలియదు, పుట్టింట్లో అమ్మకి తెలియదు. అంటే తప్పని చెప్పేవాళ్ళు కూడా లేరు. ఈ సంగతి తట్టగానే ఆమెకి భలే సరదా వేసింది. ల్యాబులో కొత్త పరీక్ష వస్తే ఏం చేస్తారో అదే చేసింది. మూడు చిన్న గిన్నెల్లో రెండేసి గరిటెల చిల్లీ తీసింది. మొదటిదానిలో ఏమీ వేయలేదు. రెండోదానిలో చిటికెడు. మూడోదానిలో రెండు చిటికెలు, అంటే ఈ ఇంట్లో మామూలుగా పడేంత. ఒక గ్లాసు నీళ్ళు పక్కన పెట్టుకుంది.

మొదటిది చప్పగా ఉంది, కానీ లోపల గింజ తియ్యదనం తెలిసింది. నోరు పుక్కిలించింది. రెండోది నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. కారం ముందు వచ్చింది, తర్వాత టమాటా పులుపు, తర్వాత మాంసం, చివర్న జీలకర్ర. ఒకటి తర్వాత ఒకటి, ఎవరి వంతు వాళ్ళది అన్నట్టు వచ్చాయి. ఇన్నేళ్ళూ ఇవన్నీ ఎక్కడికి పోయాయి? మళ్ళీ పుక్కిలించి మూడోది నోట్లో పెట్టుకుంది. ఉప్పు తప్ప ఇంకేమీ లేదు. మింగాక గొంతులో దాహం మొదలైంది. ఆదివారం మధ్యాహ్నాల దాహం. డిసెంబరు దాహం. ఝాన్సీ గబుక్కున కళ్ళు తెరిచింది.

"అత్తయ్యగారూ, నాకు ఉప్పు తక్కువ కావాలి" అంది. ఎవరికో కబురు చెబుతున్నట్టు అంది. "నాకు ఉప్పు తక్కువైతేనే బాగుందండి."

ఎలీసమ్మ ఆమె ముఖంకేసి చూసింది. తర్వాత చిన్నిని పెరుగు తెమ్మని వీధి చివరకి పంపేసి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"ఝాన్సీ. ఆ రోజు ఉప్పు నేనే ఏసేనమ్మా."

ఝాన్సీ గరిటె పక్కన పెట్టి ఆమెవైపు తిరిగింది.

"కుక్కరెట్టినప్పుడే ఏసేను. పాస్టరుగారొస్తన్నారన్న కంగారులో మర్చిపోయి, నువ్వడిగితే లేదనేసేను. ముద్ద నోట్లో ఎట్టుకోగానే గుర్తొచ్చింది. చెబ్దామనే అనుకున్నాను, నోరు పెగల్లేదు." ఆమె ఎడమ కనుబొమ్మ మీద ఉన్న పాత మచ్చని వేలితో తడుముకుంది. "ఉప్పెక్కువైందని మీ మామగారు ఓసారి కంచం ఇసిరేసేరు. ఆయన పోయి అప్పటికే ఆరేళ్ళు. అయినా వాడు అలా మొఖం చిట్లించేసరికి ఆయనే కూచున్నట్టనిపించింది. నీ మీదకి పోతే పోయిందిలే అని ఊరుకున్నాను. తర్వాత చెప్పడానికి ఎప్పటికప్పుడు సిగ్గేసింది. ఆదివారం నువ్వు గరిటె పట్టుకుని హాల్లోకి ఎల్తుంటే అటుకేసి చూళ్ళేక వసారాలోకి పోయేదాన్ని."

ఝాన్సీకి కోపం వచ్చింది. చిన్న కోపం కాదు. ఎన్ని ఆదివారాలు, ఎంతమంది చుట్టాల ముందు నాలిక లేని మనిషి అనిపించుకుని తనూ పళ్ళికిలించింది! ఒక్కమాటతో తీరిపోయేది. ఆ మాట ఈవిడ నోట్లోనే ఉంది. కానీ ఆ మచ్చని రోజూ చూస్తూ కూడా ఎలా తగిలిందని తనెప్పుడూ అడగలేదని అప్పుడే గుర్తొచ్చింది.

"పదిహేనేళ్ళు, అత్తయ్యగారూ" అంది.

"ఆయ్" అంది ఎలీసమ్మ తలవంచుకుని.

కాసేపటికి కోపం అడుగున ఇంకొకటి కదిలింది. అయితే నా నాలిక బాగానే ఉందన్నమాట. అప్పుడూ బాగానే ఉంది. ఆ సంతోషం ముందు మిగతావి వెనక్కి జరిగాయి. ఝాన్సీ మూకుట్లోకి రెండో గిన్నె లెక్కన ఉప్పు వేసి కలిపింది. మొదటి గిన్నె అత్తగారి చేతికిచ్చి, "చప్పగా ఉంది, మీకు పనికొస్తుంది. తినండి" అంది. గొంతు ఇంకా బిరుసుగానే ఉంది. ఎలీసమ్మ ఆ గిన్నెని రెండు చేతులతో అందుకుంది.

ఏసుదాసు వచ్చాడు. లుంగీ కట్టుకున్నాడు. కుర్చీలో చేరబడ్డాడు.

"ఏదీ, ఇలా తే. ఉప్పు చూస్తాను."

ఇవ్వకూడదు అనుకుంది గానీ, ఏమంటాడో చూడాలన్న కుతూహలం ఆపుకోలేకపోయింది. ఈ కూర ఎలా ఉండాలో అతనికి తెలియదు కదా, మరి దేన్ని బట్టి చెబుతాడు? గరిటెతో తీసుకెళ్ళింది. అతను అరచెయ్యి చాపాడు, చప్పరించాడు, ఫ్యానువైపు చూసి ఆలోచించాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తింటున్న కూర.

"చిటికెడు పడాలి" అన్నాడు.

ఝాన్సీ వంటింట్లోకి వచ్చింది. ఉప్పు డబ్బా మూత తీసింది, చప్పుడు వినపడేలా మళ్ళీ పెట్టింది. గరిటెతో రెండుసార్లు తిప్పింది. ఏమీ వేయలేదు. గడప దగ్గర ఎలీసమ్మ నోట్లో ముద్ద అలాగే ఉంచుకుని చూస్తోంది. ఝాన్సీ అదే కూర, అదే గరిటెతో మళ్ళీ హాల్లోకి తీసుకెళ్ళింది.

ఏసుదాసు రుచి చూసి కళ్ళు పెద్దవి చేశాడు. "ఆఁ! చూసేవా? ఇప్పుడు కుదిరింది."

ఇంతకుముందైతే ఆమెకి ఏడుపొచ్చేది. ఇప్పుడు నవ్వొచ్చింది, పెదాలు బిగబట్టుకుని వంటింట్లోకి పరుగెత్తింది. పరీక్ష అయిపోయింది, ఫలితం తెలిసిపోయింది. అన్నేళ్ళ చిటికెడూ ఉప్పు కోసం కాదు. అది తెలియక తను ప్రతివారం నిజంగా వేసేది. అతను అడుగుతూనే ఉన్నాడు, తను వేస్తూనే ఉంది, అందరూ నీళ్ళు తాగుతూనే ఉన్నారు.

బల్ల దగ్గర నలుగురూ కలిసి కూర్చున్నారు. ఏసుదాసు అన్నంలో వేసుకుని వేళ్ళతో వెతికాడు. "ముక్కలేవే?"

"అంతా ముక్కలే నాన్నా. అంతా గింజలే" అంది చిన్ని.

అతను మూడుసార్లు వడ్డించుకున్నాడు. చిటికెడు పడటం వల్లే దీనికి అంత రుచి వచ్చిందని చిన్నికి వివరించాడు. ఎలీసమ్మకి పొలమారింది. ఝాన్సీ ఆమె వీపు నిమిరి మంచినీళ్ళందించింది. చెప్పేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. చెబితే రెండ్రోజులు మాట్లాడడు, అమ్మ మీద విసుక్కుంటాడు, ఇంట్లో సంగతంతా మళ్ళీ అతని అలక చుట్టూ తిరుగుతుంది. ఆమెకి కావలసింది అది కాదు. తను కూర్చుని, పళ్ళెంలో పెట్టుకుని, ప్రతి ముద్దా చూసుకుంటూ తింది. ఆ మధ్యాహ్నం ఒక్క గ్లాసు నీళ్ళు సరిపోయాయి.

మళ్ళీ ఆదివారం వచ్చింది. ఈసారి మామూలు కూరే. ముక్కల కూర, పెళ్ళయినప్పటి నుంచి చేస్తున్నదే. ఝాన్సీ మూత తీసి, గరిటెతో కొంచెం తీసుకుని, ఊదుకుని, తన నోట్లో పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. తలూపింది. పొయ్యి కట్టేసి మూకుడు తెచ్చి బల్ల మీద పెట్టింది. నాలుగు కంచాలు వేసింది.

హాల్లో కుర్చీలోంచి ఏసుదాసు అరచెయ్యి చాపే ఉంది.

"ఏదీ, ఇలా తే. ఉప్పు చూడొద్దూ?"

ఝాన్సీ తన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నేను చూసేనండి."